సర్వర్ ఆపకుండా కోడ్ మార్చడానికి నాకు 11 వారాలు పట్టింది

2025 ఏప్రిల్ 22, తెల్లవారుజాము 3 గంటల 10 నిమిషాలు. నెల్లూరులో మా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. తరుగు లెక్కలో, అంటే బరువులో కోసే శాతం లెక్కలో, ఒక చిన్న మార్పు చేసి సర్వర్ రీస్టార్ట్ కొట్టాను. ఈ వేళప్పుడు ఎవరు వాడతారులే అని నా ధైర్యం. నాలుగు నిమిషాలు తిరక్కుండా ఫోన్ మోగింది.

"అన్నా, కొట్టిన ట్రేలన్నీ పోయినాయి. డెబ్బై ఒకటి కొట్టినా. రైతు నా మొహమే చూస్తా ఉండాడు. ఏం చెప్పమంటావు?"

ఆ కుర్రాడు ఉన్నది ఇందుకూరుపేట దాటాక ఒక రొయ్యల గుంట గట్టు మీద. నేను పనిచేసేది రొయ్యలు కొనే ఒక వ్యాపారి దగ్గర. పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజు, మా కుర్రాళ్లు కాటా పక్కన నిలబడి ఒక్కో ట్రే బరువూ ఫోన్‌లో కొడతారు. అన్నీ అయ్యాక "ముగించు" నొక్కితే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య) ప్రకారం బిల్లు వస్తుంది. ఈ అప్లికేషన్ రెండేళ్ల కిందట నేనే రాశాను. పైథాన్ భాష, దాని మీద ఫ్లాస్క్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్, వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. సర్వర్ అంటే నెల అద్దెకు తీసుకున్న 1 జీబీ మెషీన్. ఇన్ని చెప్తున్నాను కానీ అసలు విషయం ఒకటే. "ముగించు" నొక్కేదాకా ఆ ట్రేల బరువులను నేను డేటాబేస్‌లో రాయలేదు. పైథాన్ డిక్షనరీలో, అంటే నడుస్తున్న ప్రాసెస్ జ్ఞాపకంలో ఉంచాను. రీస్టార్ట్ కొడితే ప్రాసెస్ పోతుంది. దాంతో పాటే 71 ట్రేలూ పోయాయి.

ఎండకు రొయ్య పాడవుతుందని పట్టుబడి ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామునే చేస్తారు. అది నాకు తెలియంది కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని. అయినా కంప్యూటర్ ముందు కూర్చుంటే "రాత్రి అంటే సర్వర్ ఖాళీ" అని ఎక్కడో చదివిన మాటే బుర్రలో పనిచేసింది. మా సర్వర్‌కు అసలు రద్దీ ఉండేదే ఆ వేళ.

ఆ రాత్రి కాపాడింది రైతు మనిషి చేతిలోని నోటు పుస్తకం. దాన్ని చూసి మళ్లీ అన్నీ కొట్టడానికి 25 నిమిషాలు పట్టింది. ఒక ట్రే దగ్గర రెండు కిలోల తేడా వచ్చింది. మా ఓనరు వాదించకుండా రైతు చెప్పిందే ఇచ్చేశాడు. పొద్దున నాతో మాత్రం "నీ కంప్యూటర్ కంటే ఆ రూపాయి పెన్ను నయం గదయ్యా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంతకుముందు నేను పీహెచ్‌పీలో ఒక కాలేజీకి ఫీజుల సైటు చేశాను. అందులో ఈ గోలే లేదు. ఫైలు మార్చి సర్వర్‌లో పడేస్తే చాలు, తర్వాత వచ్చే మనిషికి కొత్త కోడ్ నడిచేది. అక్కడ ప్రతి రిక్వెస్టూ మొదటి నుంచి మొదలవుతుంది. పైథాన్ అట్లా కాదు. మొదలయ్యేటప్పుడు ఒకసారి ఫైళ్లన్నీ చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. ఆ తర్వాత డిస్కు మీద నువ్వు ఏం మార్చినా దానికి పట్టదు.

సరే, పట్టేటట్టు చేద్దాం అనుకున్నాను. ఏప్రిల్ 24న పైథాన్‌తో పాటే వచ్చే ఇంపోర్ట్‌లిబ్‌లో రీలోడ్ అనే ఫంక్షన్ కంటపడింది. నడుస్తున్న ప్రాసెస్‌లోనే ఒక మాడ్యూల్‌ను, అంటే ఒక కోడ్ ఫైలును, మళ్లీ చదివిస్తుంది. నా ఒక్కడికే తెలిసిన ఒక అడ్రస్ పెట్టాను. అది తెరిస్తే తరుగు మాడ్యూల్ రీలోడ్ అవుతుంది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ పనిచేసింది. ప్రాసెస్ చావలేదు, ట్రేలు పోలేదు. ఇంత తేలికైన దానికి లోకమంతా ఎందుకు తిప్పలు పడుతోందో అని కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఏప్రిల్ 29న ఆ గర్వం దిగింది. ఆ సాయంత్రం ఓనరు తరుగు 2 శాతం నుంచి 1 శాతానికి తగ్గించమన్నాడు. మార్చాను, నా రహస్య అడ్రస్ తెరిచాను. రాత్రి అల్లూరు వైపు పట్టుబడిలో ఫోన్ స్క్రీన్ మీద ఒక మొత్తం వచ్చింది. ప్రింటర్ నుంచి వచ్చిన బిల్లులో రూ.1,840 తక్కువ ఉంది. రైతు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడట. "మీ ఫోనొకటి చెప్తా ఉంది, మీ కాగితం ఇంకొకటి చెప్తా ఉంది. నేను దేన్ని నమ్మాలబ్బా?" అని అడిగాడట. కాటా విషయంలో రైతులకు మామూలుగానే అనుమానం ఎక్కువ, అది న్యాయమే. ఇప్పుడు ఆ అనుమానానికి నేనే కాగితం మీద సాక్ష్యం అచ్చేసి ఇచ్చాను.

కారణం దొరకడానికి ఒకటిన్నర రోజు పట్టింది. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు చేసినా ఆ తప్పు రాలేదు. చివరికి సర్వర్‌లో ఆ ఫంక్షన్ చిరునామాను రెండు చోట్ల నుంచి ప్రింట్ చేయించాను. రెండు వేర్వేరు అంకెలు వచ్చాయి. అంటే ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు బతికి ఉన్నాయి. బిల్లు రాసే ఫైల్లో పైన "ఫ్రమ్ తరుగు ఇంపోర్ట్ లెక్క" అని ఉంది. మొదట్లో అది ఆ ఫంక్షన్‌ను చేతిలోకి తీసుకుంది. తర్వాత నేను మాడ్యూల్‌ను ఎన్నిసార్లు రీలోడ్ చేసినా బిల్లు ఫైలు చేతిలో పాతదే ఉంది. స్క్రీన్ లెక్క రాసే ఫైలు మాత్రం ప్రతిసారీ మాడ్యూల్ పేరుతో వెళ్లి అడిగేది కాబట్టి దానికి కొత్తది దొరికింది. అంతకుముందు రెండుసార్లు పనిచేయడం ఉత్త అదృష్టం, ఆ మార్పులు బిల్లు దాకా రాలేదు.

మరి ల్యాప్‌టాప్‌లో ఫైలు సేవ్ చేయగానే మారిపోతుంది కదా, అక్కడ ఈ గొడవ ఎందుకు రాదు? నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఏమిటంటే, అక్కడ జరిగేది కూడా రీస్టార్టే. ఫ్లాస్క్ డెవలప్‌మెంట్ సర్వర్ ఫైళ్లను గమనిస్తూ ఉంటుంది. ఏదైనా మారితే ప్రాసెస్ మొత్తాన్ని చంపి మళ్లీ లేపుతుంది. అక్కడ వాడేది నేనొక్కణ్నే కాబట్టి ఆ చావు నాకు కనపడలేదు.

మే 1న ఒంగోలు అన్నకు ఫోన్ చేశాను. కాలేజీలో నాకు సీనియర్, ఇప్పుడు హైదరాబాద్‌లో పని. ఆ డెవలప్‌మెంట్ పద్ధతినే సర్వర్‌లో ఆన్ చేసి పెడితే ఎట్లా ఉంటుందని అడిగాను.

"ఏరా, డీబగ్ ఆన్ చేసి ఊరందరికీ తెరిచిపెడతావా? తప్పు వచ్చిన పేజీలోనే పైథాన్ నడుపుకోవచ్చు, తెలుసా నీకు? పిన్ అడుగుతుందిలే అని ధైర్యమా?"

తిట్టాక నెమ్మదించి ఎర్లాంగ్ సంగతి చెప్పాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ కంపెనీలో 1980ల్లో పుట్టిన భాష అది. మాట్లాడుతున్న కాల్ తెగకూడదు కాబట్టి కోడ్‌ను నడుస్తుండగానే మార్చే ఏర్పాటు భాషలోనే పెట్టారు. అందులో కూడా ఒక మాడ్యూల్‌కు పాతది, కొత్తది అని రెండే ఉంటాయి. మూడోది లోడ్ చేస్తే ఇంకా మొదటిదాన్నే పట్టుకుని వేలాడుతున్న ప్రాసెస్‌లను చంపేస్తారు.

"అంత జాగ్రత్తగా కట్టినవాళ్లే అట్లా లెక్క పెట్టుకున్నారు. నువ్వు పైథాన్‌లో చాటుగా అడ్రస్ పెట్టి చేస్తానంటే ఎట్లారా? నీ సమస్య కోడ్ మారకపోవడం కాదు. నీ ప్రాసెస్ చస్తే ఏదో పోతోంది, అదీ సమస్య. ముందు ఆ డిక్షనరీ తీసెయ్. తర్వాత మాట్లాడదాం."

ఆ రోజు ఆ మాట నాకు నచ్చలేదు. నేను అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి అనిపించింది.

మే 3న మొదలుపెడితే ఆ డిక్షనరీ తీయడానికి 9 రోజులు పట్టింది. ఒక్క చోట ఉందనుకున్నది 14 చోట్ల దొరికింది. ప్రతి ట్రేను అప్పటికప్పుడు పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుసగా రాయించాను. ఇక్కడ ఒక చిక్కు. గట్టు మీద సిగ్నల్ సరిగ్గా ఉండదు. జవాబు రాకపోతే కుర్రాడు మళ్లీ నొక్కుతాడు, ఒకే ట్రే రెండుసార్లు పడుతుంది. అందుకని ప్రతి ట్రేకూ ఫోనే ఒక గుర్తు సంఖ్య పుట్టించి పంపేటట్టు చేశాను. అదే సంఖ్య మళ్లీ వస్తే సర్వర్ "ఉందిలే" అని ఊరుకుంటుంది. మొత్తం పనిలో నాకు ఎక్కువ మనశ్శాంతి ఇచ్చింది ఇదే.

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. రీస్టార్ట్ చేసినప్పుడల్లా అందరూ లాగౌట్ అయ్యేవాళ్లు. రెండేళ్లు అది సహజం అనుకున్నాను. కాదు. సెషన్‌కు సంతకం పెట్టే రహస్య తాళాన్ని నేను ప్రోగ్రాం మొదలైనప్పుడల్లా కొత్తగా పుట్టిస్తున్నాను. తాళం మారితే పాత సంతకాలు చెల్లవు. ఒక ఫైల్లో స్థిరంగా రాసిపెట్టాను. ఒక్క లైను. గట్టు మీద తడిచేతులతో పాస్‌వర్డ్ కొట్టిన కుర్రాళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మే 13న అసలు పనికి వచ్చాను. సర్వర్‌లో పైథాన్ అప్లికేషన్‌ను నడిపేది గునికార్న్ అనే ప్రోగ్రాం. అప్పటిదాకా దాని కింద ఒకే వర్కర్, అంటే రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్ ఒకటే, ఉండేది. డిక్షనరీ ఉన్నన్నాళ్లు రెండో వర్కర్ పెట్టే దారి లేదు, ఒకదాని జ్ఞాపకం ఇంకొకదానికి తెలియదు. ఇప్పుడు మూడు పెట్టాను. గునికార్న్‌లో మాస్టర్ అని ఒక ప్రాసెస్ ఉంటుంది. పోర్టును అది పట్టుకుని ఉంటుంది, పని వర్కర్లు చేస్తాయి. మాస్టర్‌కు హప్ అనే సిగ్నల్ పంపితే కొత్త వర్కర్లను లేపి, పాతవాటికి "చేతిలో పని ముగించి వెళ్లండి" అని చెప్తుంది. తలుపు ఒక్క క్షణం కూడా మూయదు. సర్వర్‌లో ప్రోగ్రాంలను మొదలుపెట్టి, ఆపే సిస్టమ్‌డీ ఫైల్లో రీలోడ్ అనే దానికి ఈ సిగ్నల్ కట్టాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు కొట్టాను. లాగ్‌లో కొత్త వర్కర్లు వచ్చినట్టు, పాతవి వెళ్లినట్టు చక్కగా రాసింది. కోడ్ మాత్రం పాతదే. మళ్లీ కొట్టాను. పాతదే. ఫైలు సరిగ్గా వెళ్లిందా అని పది సార్లు చూశాను. బ్రౌజర్ మార్చాను, ఫోన్ మార్చాను. ఆరున్నర దాకా అదే పని. మా అమ్మ రెండుసార్లు టీ తెచ్చి పెట్టింది, రెండూ చల్లారిపోయాయి. కారణం నేనే పెట్టిన ఒక సెట్టింగ్. మూడు వర్కర్లకు మెమరీ తక్కువ పడుతుందని అంతకుముందు రోజు ప్రీలోడ్ ఆన్ చేశాను. ప్రీలోడ్ ఉంటే కోడ్‌ను మాస్టరే ముందుగా చదివి పెట్టుకుంటుంది, వర్కర్లు దాని నుంచి పుడతాయి. పాత తల్లికి ఎన్ని కొత్త పిల్లలు పుడితే ఏం, అవే పోలికలు. గునికార్న్ డాక్యుమెంటేషన్‌లో ఈ సంగతి హప్ గురించి రాసిన చోటే ఉంది. నేను సగం వాక్యం చదివి వదిలేశాను.

ప్రీలోడ్ తీసేశాను. కొత్త కోడ్ వచ్చింది. సంతోషంగా పడుకున్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం ఇంకో మార్పుకు రీలోడ్ కొడితే సర్వర్ మొత్తం పడిపోయింది. 6 నిమిషాలు. రీస్టార్ట్ కొట్టినా 35 సెకన్లే పోయేది, ఆపకుండా మారుద్దామని పోయి 6 నిమిషాలు ఆపాను. కెర్నల్ లాగ్ చూస్తే మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమ్ పోస్ట్‌గ్రెస్‌నే చంపినట్టు ఉంది. ఒక్కో వర్కర్ 170 ఎంబీ తింటోంది. మామూలుగా మూడే. కానీ రీలోడ్ చేసే కాసేపు పాతవి మూడు, కొత్తవి మూడు, మొత్తం ఆరు ఒకేసారి బతికి ఉంటాయి. అంటే 1 జీబీ అక్కడికే సరి. ఈ లెక్క ముందే వేసుకోవాల్సింది.

2 జీబీ మెషీన్‌కు మారాను. అద్దె నెలకు రూ.550 నుంచి రూ.1,050 అయింది. ఓనరుకు చెప్తే "ఆగకుండా ఉండడానికి నెలకు ఐదొందలా? ఐసు కూడా ఇంత ఖరీదు లేదే" అన్నాడు. ఆ మాటకు పౌరుషం వచ్చి మెమరీ ఎక్కడ పోతోందో వెతికాను. ఎక్సెల్ రిపోర్ట్ కోసం పాండాస్ అనే పెద్ద లైబ్రరీని ప్రతి వర్కరూ మొదలవగానే ఎత్తుకుంటోంది. నెలకు నాలుగుసార్లు వాడే దానికి. రిపోర్ట్ అడిగినప్పుడే ఎత్తుకునేటట్టు మార్చాను. 170 ఎంబీ 95కు దిగింది. మొదలవడానికి పట్టే 35 సెకన్లు 6 అయింది. ఈ పని రెండేళ్ల కిందటే చేసి ఉంటే బాధ సగం తగ్గేది. అప్పటికి అద్దె పెంచడం అయిపోయింది, వెనక్కి తగ్గించడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు.

మే చివరి వారం, రోహిణి కార్తె ఎండలు. ఓనరు నెల రిపోర్ట్ దించుకుంటున్నాడు, అది 45 సెకన్ల పని. సరిగ్గా అప్పుడే నేను రీలోడ్ కొట్టాను. రిపోర్ట్ మధ్యలో తెగింది. మామూలు టైమ్‌అవుట్‌ను నేను 120కి పెంచి పెట్టాను కానీ, వెళ్లిపోయే వర్కర్‌కు ఇచ్చే గడువు వేరే సెట్టింగ్, అది ఏమీ రాయకపోతే 30 సెకన్లు. ఆ గడువు దాటితే పని ముగిసినా ముగియకపోయినా చంపేస్తుంది. దాన్ని 90 చేశాను. అంతే, ఇది చిన్నదే.

పెద్దది జూన్ 5న వచ్చింది. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది నేను రీలోడ్ కొట్టకుండానే జరిగింది.

ఆ రోజు సాయంత్రం 4 గంటలకు కొత్త కోడ్‌ను గిట్ పుల్‌తో సర్వర్‌లోకి దించాను. డేటాబేస్‌లో ఒక కాలమ్ కలపాలి, అది రాత్రి పట్టుబడి మొదలయ్యేలోపు చేసి అప్పుడు రీలోడ్ చేద్దాం అనుకుని పక్కన పెట్టాను. నా లెక్క ప్రకారం పాత కోడ్ జ్ఞాపకంలో ఉంది కాబట్టి డిస్కు మీద ఏమున్నా భయం లేదు. ఏడున్నరకు కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, ఒకసారి వస్తా ఉంది, ఒకసారి రావట్లా." నా ఫోన్‌లో తెరిచాను, బాగుంది. మళ్లీ తెరిచాను, బాగుంది. మూడోసారి తప్పు. నాలుగోసారి బాగుంది. పూర్తిగా చెడిపోతే వెతకొచ్చు, ఇట్లా దోబూచులాడితే ఏం వెతుకుతాం? చేతులు చల్లబడ్డాయి. ముత్తుకూరులో రాత్రి పదకొండుకు వల వేస్తారు, నాకు మూడున్నర గంటలే ఉంది.

50 నిమిషాలు పట్టింది. ప్రాసెస్‌లు ఎప్పుడు పుట్టాయో చూస్తే దొరికింది. రెండు వర్కర్లు రెండు రోజుల నాటివి. మూడోది ఆ రోజే, 7 గంటల 18 నిమిషాలకు పుట్టింది. మెమరీ మెల్లగా పెరుగుతోందని ఎప్పుడో వెయ్యి రిక్వెస్టులు అయ్యాక వర్కర్ తనంతట తాను వెళ్లిపోయి కొత్తది వచ్చేటట్టు పెట్టాను. మూడో వర్కర్‌కు ఆ సాయంత్రం వెయ్యి నిండాయి. వెళ్లిపోయింది. దాని బదులు వచ్చినది డిస్కు మీద ఉన్నది చదివింది, అంటే కొత్త కోడ్. కొత్త కోడ్ అడిగే కాలమ్ డేటాబేస్‌లో ఇంకా లేదు. అందుకే మూడింట ఒకసారి తప్పు. ప్రీలోడ్ తీసేసిన రోజే ఈ గుంట నేను తవ్వుకున్నాను, పడింది మూడు వారాల తర్వాత.

అప్పటికప్పుడు కాలమ్ కలిపి గండం దాటాను. తర్వాత పద్ధతి మార్చాను. ఇప్పుడు ప్రతి కొత్త కోడ్‌కూ వేరే ఫోల్డర్. "ప్రస్తుతం" అనే ఒక లింకు, నడుస్తున్న ఫోల్డర్ వైపు చూస్తుంది. అన్నీ సిద్ధమయ్యాక లింకును తిప్పి, ఆ వెంటనే రీలోడ్. మధ్యలో ఏ వర్కర్ పుట్టినా సగం దించిన కోడ్ దాని కంట పడదు. దీన్లోనూ ఒక పూట పోయింది. లింకు తిప్పి రీలోడ్ కొట్టినా పాత కోడే వచ్చింది. మాస్టర్ తాను మొదట అడుగుపెట్టిన ఫోల్డర్‌లోనే నిలబడి ఉంది, లింకు ఎటు తిరిగిందో దానికి తెలియదు. గునికార్న్‌కు ఫోల్డర్ దారి చెప్పే సెట్టింగ్‌లో ఆ లింకు పూర్తి దారిని రాశాక కుదిరింది.

డేటాబేస్ విషయంలో కూడా అప్పుడే బుద్ధి వచ్చింది. రీలోడ్ అయ్యే ఆ కొన్ని సెకన్లు పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కనే ఒకే డేటాబేస్‌ను వాడతాయి. కాబట్టి డేటాబేస్ ఇద్దరికీ సరిపోవాలి. ఒక కాలమ్ పేరు మార్చాలంటే ఇదివరకు ఒక్క లైను. ఇప్పుడు మూడు విడతలు: ముందు కొత్త కాలమ్ కలపడం, తర్వాత రెండింటిలోనూ రాసే కోడ్ పెట్టి పాత వరుసలను నింపడం, అంతా కొత్తదాన్నే చదువుతోందని నమ్మకం కుదిరాక పాతది తీసేయడం. తరుగు కాలమ్ పేరు మార్చడానికి నాకు 8 రోజులు పట్టింది. పనిగా చూస్తే గంట కూడా కాదు, మిగతాదంతా ఆగి చూడటమే. ఓనరుకు ఇవన్నీ చెప్పలేదు.

ఇక అన్నీ అయిపోయాయి అనుకున్నాక జూన్ 17న ఒక కుర్రాడి ఫోన్ నుంచి వచ్చే బరువులు మాత్రం తిరస్కరణ అవుతున్నాయి. సర్వర్ కొత్తది, అతని ఫోన్‌లో పేజీ పాతది. ఆ ట్యాబ్‌ను 6 రోజులుగా మూయలేదట. "మూస్తే మళ్లీ తెరుచుకోదేమోనని భయం అన్నా" అన్నాడు. ఏప్రిల్‌లో నేను చేసిన నిర్వాకానికి ఆ భయం వచ్చిందని నాకు తెలుసు, ఏమీ అనలేకపోయాను. పాత పేజీ పంపే పేర్లను కూడా రెండు వారాలు ఒప్పుకునేటట్టు మార్చాను. పాత స్క్రిప్ట్ ఫైళ్లను వెంటనే చెరపడం మానేశాను. ఒంగోలు అన్న దీనికి నవ్వి, "నీ సర్వర్‌లో రెండు వెర్షన్లు ఉన్నాయని ఏడుస్తున్నావు. ఊళ్లో ఎన్ని ఫోన్లుంటే అన్ని వెర్షన్లురా" అన్నాడు.

జూలై 6న మా చెల్లెలు రొట్టెల పండగకు బారాషహీద్ దర్గాకు వెళ్తూ నన్నూ రమ్మంది. తను ఉద్యోగ రొట్టె పట్టుకుంటానంది. రీస్టార్ట్ లేని సర్వర్‌కు కూడా రొట్టె ఉందేమో అడగమన్నాను. "చేతిలో ఉన్న ఉద్యోగం పోకుండా ఉండే రొట్టె పట్టుకో నువ్వు" అంది. స్వర్ణాల చెరువు దగ్గర ఆ జనంలో కూడా నా చెయ్యి జేబులో ఫోన్ మీదే ఉంది.

జూలై 8, రాత్రి 2 గంటల 40 నిమిషాలు. విడవలూరు దగ్గర పెద్ద పట్టుబడి నడుస్తోంది. కౌంట్ లెక్కలో ఒక తప్పు అప్పుడే తేలింది, పొద్దుటిదాకా ఆగితే ఆ బిల్లు తప్పుగా పోతుంది. కాలమ్ మార్పులేమీ లేవు. కొత్త ఫోల్డర్ సిద్ధం చేశాను. లింకు తిప్పాను. రీలోడ్ అని రాసి, ఎంటర్ మీద వేలు పెట్టి కాసేపు కూర్చున్నాను. గుండె దడ నాకే వినపడుతోంది. కొట్టాను. లాగ్‌లో మూడు కొత్త వర్కర్లు. ఏడు సెకన్లలో రెండు పాతవి వెళ్లిపోయాయి. మూడోది ఏదో పనిలో ఉండి ఇంకో నాలుగు సెకన్లు ఆగి వెళ్లింది. గునికార్న్ ముందు నిలబడి రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో 502 (వెనక నుంచి సరైన జవాబు రాలేదనే తప్పు) ఒక్కటీ లేదు. ట్రేలు వరసగా పడుతూనే ఉన్నాయి, 108, 109, 110.

అయినా నమ్మకం లేక కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఏమన్నా ఆగిందా?"

"ఏం ఆగలేదే. నూటపన్నెండో ట్రే కొడతా ఉండా. ఎందుకన్నా, ఏమన్నా చేసినావా?"

"ఏం లేదులే, కొట్టు" అని పెట్టేశాను. ఆ అర్ధరాత్రి ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఒంగోలు అన్నకు ఒక మెసేజ్ పెట్టాను. పొద్దున ఏడింటికి బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది.

పైథాన్ వెర్షన్ మార్చడం ఒకటి మిగిలిపోయింది. దానికి హప్ చాలదు, మాస్టరే మారాలి. యూఎస్ఆర్2 అనే ఇంకో సిగ్నల్ ఉంది, అది పాత మాస్టర్ పక్కనే కొత్త మాస్టర్‌ను లేపుతుంది. వేరే మెషీన్ మీద ప్రయత్నించాను. పాత మాస్టర్‌ను నేను ఆపగానే సిస్టమ్‌డీ సర్వీసే చచ్చిపోయిందనుకుని కొత్తదాన్ని కూడా ఊడ్చేసింది. దాంతో ఇప్పటికి మామూలు రీస్టార్టే చేద్దాం అని తేల్చుకున్నాను. ఆరు సెకన్లే కదా, ట్రేలు కూడా ఎటూ పోవు. అయినా పట్టుబడి లేని రాత్రి ఒకటి చూసుకుని చేద్దామని ఆగాను. ఈ నెలలో ఇంకా దొరకలేదు.